నియంత కోటరీ కెమెరా ముందు కూర్చుంటే: ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి?

మా చెల్లెలి కొడుకు గ్రూప్స్‌కు చదువుకుంటూ అనంతపురంలో మా ఇంట్లోనే ఉంటాడు. మొన్న ఒక రాత్రి ఫోన్‌లో డాక్యుమెంటరీ ఒకటి చూసి, పొద్దున టిఫిన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు. "మామా, హిట్లర్ దగ్గర సెక్రటరీగా పనిచేసిన ముసలామె మాట్లాడుతుంటే చూసినా. పాపం అనిపించింది. టైపు కొట్టేది, అంతే కదా? అబద్ధం చెప్తున్నట్ల నాకైతే అనిపియ్యలేదు."

"అబద్ధం చెప్పకపోయినా నిజం మొత్తం చెప్పిందని కాదబ్బీ" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఒక్క మాటతో అయ్యే సంగతీ కాదది. నియంతల చుట్టూ తిరిగిన మనుషుల మీద ఓటీటీల్లో, యూట్యూబ్‌లో ఇప్పుడు బోలెడు డాక్యుమెంటరీలు ఉన్నాయి. వాటిలోంచి ముక్కలు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. హిట్లర్ పిల్లలను ముద్దు చేసే ముక్క, కుక్కతో ఆడుకునే ముక్క. అవి చూసి, మనం బడిలో చదివిందంతా నిజమేనా అని తికమకపడేవాళ్ళు ఉన్నారు. నేను చాలా ఏళ్ళు జిల్లా కోర్టు వార్తలు రాసి బతికినవాణ్ణి. ఈ డాక్యుమెంటరీలు చూసిన ప్రతిసారీ నాకు బోనులో నిలబడిన సాక్షులే గుర్తొస్తారు. అందుకే ఆ దారిలోనే ఈ చిక్కు విప్పడానికి చూస్తాను.

## కోటరీ అంటే ఎవరెవరు

'కోటరీ' అన్న మాట మన పత్రికల్లో రోజూ కనబడుతుంది. నాయకుడి గదిలోకి అడగకుండా పోగలిగిన నలుగురైదుగురు అని మనకు తెలుసు. నియంత విషయంలో ఆ మాట బరువు ఇంకా పెరుగుతుంది. ఎన్నికలు, కోర్టులు, పత్రికలు పనిచేయని చోట అధికారం అంతా ఒక మనిషి దగ్గర పోగుపడుతుంది కాబట్టి, ఆ మనిషి గదిలోకి ఎవరు పోగలరన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అవుతుంది. హిట్లర్ చివరి ఏళ్ళలో అతని ఆంతరంగిక కార్యదర్శి మార్టిన్ బోర్మన్‌కు అంత బలం రావడానికి కారణం ఇదే. ఎవరి కాగితం హిట్లర్ ముందుకు పోవాలో, ఎవరిది ఆగాలో అతనే చూసేవాడు.

అయితే ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్క రకం కాదు. వైమానిక దళాధిపతి గోరింగ్, ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళానికి అధిపతి హిమ్లర్, ప్రచార మంత్రి గోబెల్స్ అధికారం చెలాయించినవాళ్ళు. సెక్రటరీలు, అంగరక్షకులు, డ్రైవర్లు ఇంటి మనుషులు. ఫొటోగ్రాఫర్ హైన్‌రిష్ హోఫ్‌మన్, దర్శకురాలు లెని రీఫెన్‌స్టాల్ ఆ నాయకుడి బొమ్మను దేశం ముందు నిలబెట్టినవాళ్ళు. డాక్యుమెంటరీ ఈ మూడు రకాలవాళ్ళనూ ఒకే కుర్చీలో, ఒకే లైటు కింద కూర్చోబెడుతుంది. ముగ్గురికీ తెలిసింది ఒకటి కాదు, చేసింది ఒకటి కాదు, దాచుకోవలసింది కూడా ఒకటి కాదు.

ఇంకో సంగతి. హిట్లర్, గోబెల్స్, హిమ్లర్, గోరింగ్ నలుగురూ ఆత్మహత్య చేసుకున్నారు. కాబట్టి యుద్ధం అయిన పాతికేళ్ళకో, యాభై ఏళ్ళకో కెమెరా ముందుకొచ్చి మాట్లాడింది మిగిలిపోయినవాళ్ళు. చచ్చినవాళ్ళ మీదికి నెట్టేసిన తప్పుకు ఎదురుమాట చెప్పేవాడు ఉండడు. మా కోర్టులో కూడా చనిపోయిన ముద్దాయి ఉన్న కేసులో తప్పంతా మెల్లగా అతని వైపు జరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

## రాతలో లేని ఆజ్ఞలు

ఇంత అనుమానం ఉంటే ఆ మనుషులను అడగడం ఎందుకు, కాగితాలు చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ నియంత పాలనలో అసలు సంగతులు చాలావరకు కాగితం మీదికి ఎక్కవు. యూదులందరినీ చంపండని హిట్లర్ సంతకంతో ఉన్న లిఖిత ఆజ్ఞ ఇంతవరకు దొరకలేదు. అంటే ఆజ్ఞ లేదని కాదు. 1934లో ఒక నాజీ అధికారి తన ప్రసంగంలో, ప్రతి విషయానికీ ఫ్యూరర్ (నాయకుడు, అంటే హిట్లర్) పైనుంచి ఆజ్ఞ ఇవ్వలేడు, ఆయన మనసులో ఏముందో కనిపెట్టి ఆ వైపు పనిచేయడం మన బాధ్యత అన్నాడు. బ్రిటిష్ చరిత్రకారుడు ఇయన్ కెర్షా హిట్లర్ పాలనను వివరించడానికి ఆ మాటనే మూలంగా పట్టుకున్నాడు.

సీమలో పుట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. పెద్దాయన నోటితో ఏమీ అనడు. ఆయన ముఖం చూసి అర్థం చేసుకున్నవాడు పని చేసుకొస్తాడు. ఎమర్జెన్సీ మీద వేసిన షా కమిషన్ ముందు కూడా కొందరు అధికారులు నోటిమాటగా వచ్చిన ఆదేశాలతోనే చేశామని చెప్పుకున్నారు. ముఖం చూసినవాళ్ళను అడగకపోతే ముఖం మీద ఏముందో ఎప్పటికీ తెలియదు. కోటరీ సాక్ష్యానికి విలువ అక్కడ ఉంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

## అప్రూవర్ మాటను కోర్టు ఎలా తూస్తుంది

నేరంలో తానూ ఉండి, తర్వాత క్షమాభిక్ష తీసుకుని తోటివాళ్ళ మీద సాక్ష్యం చెప్పేవాణ్ణి అప్రూవర్ అంటారు. ఫ్యాక్షన్ కేసులు జోరుగా నడిచిన రోజుల్లో ఈ మాట మా వైపు చదువురాని అవ్వలకు కూడా తెలుసు. కోర్టు అతనికి పెట్టే షరతు ఒకటే. తెలిసిందంతా, తన పాత్రతో సహా, దాచకుండా చెప్పాలి.

అతని మాటను ఎంత నమ్మాలన్న విషయంలో 1872 నాటి సాక్ష్య చట్టం రెండు వైపుల నుంచి మాట్లాడింది. నేరంలో భాగస్థుడి మాట ఒక్కటే పట్టుకుని శిక్ష వేసినా అది చట్టవిరుద్ధం కాదని 133వ సెక్షన్ అనేది. ముఖ్యమైన విషయాల్లో వేరే ఆధారం బలపరిస్తే తప్ప అతను నమ్మదగ్గవాడు కాదని అనుకోవచ్చు అని 114వ సెక్షన్ కింది ఉదాహరణ అనేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 138వ సెక్షన్‌లో ఆ బలపరిచే ఆధారం అన్న మాటనే నేరుగా చేర్చారు.

ఒక ఊహా కేసు తీసుకుందాం. ముగ్గురు జీపులో వచ్చి ఒకణ్ణి చంపారు. అప్రూవర్ బోనెక్కి, "జీపు నడిపింది నేనే. వేటు మాత్రం నేను వేయలేదు" అంటాడు. దారిలో పెట్రోలు పోయించుకున్న బంకు రసీదు దొరికింది. టైము సరిపోయింది, బండి నంబరు సరిపోయింది. వినేవాళ్ళకు ఇతను నిజం చెప్పేవాడే అన్న నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతోనే 'వేటు నేను వేయలేదు' అన్న మాటను కూడా మింగేస్తారు. కానీ రసీదు చెప్పింది జీపు గురించి. కత్తి ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు.

నియంత కోటరీ మీద వచ్చే డాక్యుమెంటరీల్లో సగం చిక్కు ఈ రసీదు దగ్గరే ఉంది.

## స్పీర్: వంద నిజాల వెనక దాగిన ఒక మాట

ఆల్బర్ట్ స్పీర్ హిట్లర్‌కు ఇష్టమైన ఆర్కిటెక్ట్. 1942 ఫిబ్రవరి నుంచి ఆయుధాల మంత్రి. అతని కింద ఫ్యాక్టరీల్లో లక్షల మందితో బలవంతంగా వెట్టి చేయించారు. నాజీ పెద్దల యుద్ధ నేరాల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో 20 ఏళ్ళ శిక్ష పడింది. అక్కడ అతను మిగతావాళ్ళలా బుకాయించలేదు. ప్రభుత్వంలో ఉన్నాను కాబట్టి జరిగినదానికి నాకూ బాధ్యత ఉంది అన్నాడు. కానీ యూదుల సామూహిక హత్యల సంగతి తనకు తెలియదన్నాడు. 1966లో విడుదలయ్యాడు, 1969లో జ్ఞాపకాలు అచ్చేశాడు, ఇక ఆ తర్వాత చనిపోయేదాకా కెమెరాలు అతన్ని వదల్లేదు. 1973లో మొదలైన 'ద వరల్డ్ ఎట్ వార్' అనే 26 భాగాల బ్రిటిష్ సీరీస్‌లో ముఖ్యమైన సాక్షుల్లో అతనొకడు. 1981లో లండన్‌లో చనిపోయినప్పుడు కూడా బీబీసీ ఇంటర్వ్యూ కోసమే అక్కడికి వెళ్ళాడు.

అతని మాటతీరు గమనించండి. నెమ్మదిగా, మర్యాదగా, తనమీద తానే తీర్పు చెప్పుకుంటున్నట్టు మాట్లాడతాడు. హిట్లర్ ఎప్పుడు లేచేవాడు, టీ దగ్గర ఎవరు ఎక్కడ కూర్చునేవారు, గోరింగ్‌కూ బోర్మన్‌కూ ఎందుకు పడేది కాదు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్తాడు. అవన్నీ బంకు రసీదులు. చాలావరకు నిజాలే. ఆ నిజాల వరసలోనే 'నాకు తెలియదు' అన్న మాట కూడా చేరిపోయి, దశాబ్దాల పాటు 'మంచి నాజీ' అనే పేరు నిలబడింది.

ఆ మాటను కూల్చింది కెమెరా కాదు, కాగితం. 1943 అక్టోబర్ 6న పోజెన్ నగరంలో హిమ్లర్ పార్టీ పెద్దల ముందు, యూదులను, ఆడవాళ్ళను పిల్లలను కూడా, చంపుతున్న సంగతి దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రోజే అదే సభలో స్పీర్ కూడా మాట్లాడాడు. హిమ్లర్ ప్రసంగంలో స్పీర్ పేరు కూడా ఉంది. అయినా, ఆ ప్రసంగానికి ముందే నేను వెళ్ళిపోయాను అని స్పీర్ వాదించాడు. 2007లో అతని పాత ఉత్తరం ఒకటి బయటపడింది. బెల్జియంలో నాజీలకు ఎదురు నిలిచిన ఒక నాయకుడి భార్యకు 1971 డిసెంబర్‌లో రాసింది. యూదులందరినీ చంపుతామని హిమ్లర్ చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను, అందులో సందేహం లేదు అని అందులో తానే ఒప్పుకున్నాడు. టీవీ సీరీస్‌లో కూర్చుని మాట్లాడిన రోజులకు కాస్త అటూఇటూగా రాసిన ఉత్తరమది.

ఇంకొకటి. యుద్ధకాలంలో స్పీర్ ఆఫీసు పనుల దినచర్య పుస్తకం ఒకటి ఉండేది. బెర్లిన్‌లో యూదులను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టిన వివరాలు అందులో ఉన్నాయి. ఆర్కైవ్‌కు ఇచ్చిన ప్రతిలో ఆ భాగాలు తీసేశారు. తీసేసిన పాత స్నేహితుడే అసలు ప్రతిని దాచి ఉంచి, స్నేహం చెడిన తర్వాత ఒక పరిశోధకుడికి చూపించాడు. దగ్గరివాళ్ళ మధ్య చెడినప్పుడు బయటికొచ్చే కాగితం ఎంత గట్టిదో కోర్టు వరండాల్లో తిరిగినవాళ్ళకు బాగా తెలుసు.

## ఇంటి వీడియోలో కెమెరా ఎవరి చేతిలో ఉంది

వాట్సాప్‌లో తిరిగే ఆ రంగుల ముక్కల సంగతి. అవి చాలావరకు ఇవా బ్రౌన్ తీసినవి. ఆమె హోఫ్‌మన్ స్టూడియోలో పనిచేస్తూ హిట్లర్‌కు పరిచయమైంది. ఆల్ప్స్ కొండల్లో బెర్గ్‌హాఫ్ అనే అతని ఇంట్లో 16 ఎంఎం కెమెరాతో తీసిన ఫిల్ములు యుద్ధం తర్వాత అమెరికా చేతికి వచ్చాయి. ఆర్కైవ్‌లో మూలనపడి ఉన్న వాటిని 1970ల మొదట్లో వెలికితీసి, 1973లో 'స్వస్తిక' అనే డాక్యుమెంటరీలో వాడారు. ఆ సినిమాను కాన్స్‌లో చూపినప్పుడు గొడవ జరిగింది. హిట్లర్‌ను మామూలు మనిషిలా చూపిస్తారా అన్నది కోపగించుకున్నవాళ్ళ ప్రశ్న.

ఈ ఫిల్ములు నకిలీవి కావు. అందులోని నవ్వులు కూడా నిజమైనవే కావచ్చు. కానీ మన ఇళ్ళలో పెళ్ళి వీడియో చూడండి. మంగళసూత్రం కడుతున్నప్పుడు అందరూ నవ్వుతూ ఉంటారు. కట్నం దగ్గర జరిగిన రభస ఆ వీడియోలో ఉండదు. కెమెరా పట్టుకున్నది ఇంటి మనిషి, ఎప్పుడు ఆపాలో ఆ మనిషికి తెలుసు. పైగా ఇవా బ్రౌన్ ఫిల్ములకు శబ్దం లేదు. తర్వాత వచ్చిన కొన్ని డాక్యుమెంటరీల్లో పెదవుల కదలిక చూసి మాటలు అతికించారు. రంగుల్లేని పాత ఫిల్ముకు ఇప్పుడు కంప్యూటర్‌తో రంగులు వేస్తున్నారు. మన కళ్ళకు పాతదనం పోయి పక్కింటి దృశ్యంలా కనబడుతుంది. చూడటానికి సులువే, కానీ మనం చూస్తున్నదాంట్లో ఎంత అప్పటిది, ఎంత ఇప్పటిది అన్న గీత చెరిగిపోతుంది.

కోటరీ కెమెరాకు రెండో పక్క కూడా ఉంది. ఉన్నవాళ్ళను చూపడమే కాదు, లేకుండా చేయడం. మాస్కో కాలువ దగ్గర స్టాలిన్ పక్కన నడుస్తున్న రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను 1940లో చంపేశాక, ఆ ఫొటోలో అతని చోట నీళ్ళు మిగిలాయి. 1976లో మావో సంతాప సభ ఫొటోల్లోంచి, అతని భార్య చియాంగ్ చింగ్‌తో సహా నలుగురిని అరెస్టయిన తర్వాత తీసేశారు. వరసలో ఖాళీలు మాత్రం కనబడుతూనే ఉన్నాయి.

## యుంగె, రీఫెన్‌స్టాల్: వాంగ్మూలం మళ్ళీ చదివి వినిపిస్తే

మా మేనల్లుడు చూసింది ట్రాడ్ల్ యుంగె మీద 2002లో వచ్చిన డాక్యుమెంటరీ. ఆమె 22 ఏళ్ళ వయసులో, 1942 చివర్లో, హిట్లర్ దగ్గర చేరింది. బెర్లిన్‌లో నేల కింది బంకర్‌లో అతని చివరి వీలునామా రాసుకున్నది ఆమే. గంటన్నర సినిమాలో పాత ఫిల్ములు లేవు, సంగీతం లేదు. ఆమె ముఖం, ఆమె మాట. సినిమా బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో విడుదలైన రోజుల్లోనే 81 ఏళ్ళ వయసులో చనిపోయింది.

ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఒక చిన్న ఏర్పాటు. ఆమె ఇంటర్వ్యూను ఆమెకే చూపిస్తారు. చూస్తూ తన మాటలను తానే సవరించుకుంటుంది, కలుపుతుంది. కోర్టులో సాక్షి చెప్పిన వాంగ్మూలాన్ని చివర్లో చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. "అట్ల కాదు సార్, నేను చెప్పింది ఇట్ల" అనే అవకాశం అక్కడ ఉంటుంది. యుంగెకు ఆ అవకాశం ఇచ్చారు. ఆమె చెప్పిన ఒక సంగతి మరిచిపోలేం. మ్యూనిక్‌లో సోఫీ షోల్ జ్ఞాపక ఫలకం ముందు ఒకరోజు ఆగింది. నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు 1943లో చంపేసిన విద్యార్థిని ఆమె. దాదాపు తన ఈడుదే. చిన్నపిల్లను కాబట్టి నాకు తెలియలేదు అన్న సాకు చెల్లదని ఆ రోజు అర్థమైందని యుంగె అంటుంది.

మా వాడికి అదే చెప్పాను. నీకు జాలి కలగడం తప్పు కాదు. ఆమె మాటలో ఉన్నది కూడా చూడు. 'నాకు తెలియదు' దగ్గర ఆగకుండా, 'తెలుసుకోవచ్చు' అన్న దాకా వచ్చింది. స్పీర్ టీవీలో ఎప్పుడూ అంత దూరం రాలేదు. అయితే ఈ మెచ్చుకోలుకు కూడా ఒక హద్దు ఉంది. ఆమె మాటలు విని బంకర్‌లో ఏం జరిగిందో తెలుసుకోవచ్చు. బంకర్ బయట ఏం జరిగిందో ఆ గది కిటికీలోంచి కనబడదు. ఆ గదికి కిటికీయే లేదు.

రీఫెన్‌స్టాల్ కథ దీనికి ఎదురు. 1934 న్యూరెంబర్గ్ పార్టీ సభను చిత్రించిన ఆమె, తాను కళాకారిణిని మాత్రమేనని జీవితాంతం చెప్పుకుంది. 1993లో ఆమె బతికి ఉండగా తీసిన మూడు గంటల డాక్యుమెంటరీలో అదే వాదన. నచ్చని ప్రశ్న వస్తే దర్శకుడి మీద విరుచుకుపడుతుంది. ఆమె 'టీఫ్‌లాండ్' అనే సినిమాలో నటింపజేయడానికి నిర్బంధ శిబిరం నుంచి రోమా (జిప్సీ) జనాన్ని తీసుకొచ్చారు. వాళ్ళలో చాలామందిని తర్వాత ఆష్విట్జ్ హత్యా శిబిరానికి పంపారు. యుద్ధం తర్వాత వాళ్ళందరినీ చూశాను, ఎవరికీ ఏమీ కాలేదు అని చాలా ఏళ్ళకు కూడా అన్నది. 2002లో ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 101 ఏళ్ళ వయసులో 2003లో చనిపోయింది. ఆమె దాచుకున్న 700 పెట్టెల ఉత్తరాలు, ఫిల్ములు, టేపులు తెరిచి 2024లో మరో డాక్యుమెంటరీ తీశారు. మనిషి ఒకరే. మొదటిదాంట్లో ఆమె మాట్లాడుతుంది, రెండోదాంట్లో ఆమె పెట్టెలు మాట్లాడతాయి. వీలైతే రెండూ వరసగా చూడండి.

## మాట్లాడని కోటరీ

కొన్నిసార్లు కోటరీ నోరు విప్పకపోవడమే సాక్ష్యం. 1974లో ఫ్రెంచి సినిమాల్లో పనిచేసిన స్విస్ దర్శకుడు బార్బె ష్రోడర్ ఉగాండా నియంత ఈదీ అమీన్ మీద డాక్యుమెంటరీ తీశాడు. రెండేళ్ళ ముందు మన గుజరాతీలతో సహా ఆసియా వాళ్ళను 90 రోజుల గడువిచ్చి తరిమినవాడే ఈ అమీన్. ఏ దృశ్యం ఎలా ఉండాలో చాలావరకు అతనే నిర్ణయించాడు. తన గొప్ప చూపించుకోవాలని ఒక మంత్రివర్గ సమావేశం కూడా తీయనిచ్చాడు. అతను గద్దిస్తూ ఉంటాడు, మంత్రులు తలవంచుకుని రాసుకుంటూ ఉంటారు. విదేశాంగ మంత్రి పని బాగాలేదని తిడతాడు. రెండు వారాలకు ఆ మంత్రి శవం నైలు నదిలో తేలిందని వ్యాఖ్యానం చెప్తుంది. ఆ ఒక్క వాక్యం విన్నాక వెనక్కి పోయి చూస్తే, ఆ వంచిన తలలు వేరుగా కనబడతాయి. సినిమా బయటికొచ్చాక అమీన్ తన దేశంలోని ఫ్రెంచి పౌరులను నిర్బంధించి, నచ్చని ముక్కలు కత్తిరించేదాకా వదల్లేదు.

## రెండు వాదనలు, రెండు మాటలు

ఇలాంటివాళ్ళకు మైకు ఇవ్వడమే తప్పు అనేవాళ్ళు ఉన్నారు. బాధితులు చచ్చిపోయారు, చంపినవాళ్ళ తాలూకు మనుషులకు మంచి లైటింగ్ పెట్టి, వాళ్ళ బాల్యం అడిగి, కన్నీళ్ళు చూపిస్తే చివరికి మన గుండె కరిగేది వాళ్ళ కోసమే అంటారు. మా మేనల్లుడి 'పాపం' అన్న మాట ఈ వాదనకు బలం. రెండో వైపువాళ్ళు, రాక్షసుడని పక్కన పెడితే ఏమీ నేర్చుకోలేం, మామూలు మనుషులు ఎలా ఆ పని చేశారో వాళ్ళ నోటే వినాలి అంటారు. నా మొగ్గు రెండోదాని వైపే, కాకపోతే కాగితం ఎదురుగా పెట్టి అడిగినప్పుడు మాత్రమే.

ఎలా అడగాలన్న దగ్గర ఇంకో చిక్కు ఉంది. యూదుల సామూహిక హత్యల మీద 1985లో వచ్చిన తొమ్మిదిన్నర గంటల డాక్యుమెంటరీ 'షోవా'లో క్లోద్ లాంజ్‌మన్ పాత ఫిల్ము ఒక్క ముక్క కూడా వాడలేదు. ట్రెబ్లింకా హత్యా శిబిరంలో పనిచేసిన ఒక ఎస్ఎస్ మనిషికి, పేరు బయటపెట్టనని మాట ఇచ్చి, దొంగ కెమెరాతో తీశాడు. సినిమాలో ఆ మాట ఇవ్వడమూ వినబడుతుంది, పేరూ కనబడుతుంది. దానివల్ల ఆ శిబిరం ఎలా నడిచిందో అంత వివరంగా తెలిసింది.

కంబోడియాలో తెత్ సంబాత్ అనే విలేకరి దీనికి పూర్తిగా వేరే దారి పట్టాడు. 1975 నుంచి 1979 దాకా సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో సుమారు 17 లక్షల మంది చనిపోయారని అంచనా. సంబాత్ తల్లిదండ్రులూ అన్నా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ నాయకుడు పోల్ పాట్ తర్వాతి స్థానంలో ఉండి 'బ్రదర్ నంబర్ టూ' అనిపించుకున్న నువాన్ చియా దగ్గరికి అతను ఏళ్ళ తరబడి తిరిగాడు. తన ఇంట్లో ఎవరు పోయారో చెప్పకుండా, ఓపికగా కూర్చుని మాటలు టేపు చేశాడు. చివరికి ఆ ముసలివాడు, వాళ్ళను శత్రువులని చంపాం అని ఒప్పుకున్నాడు. 2007లో నువాన్ చియా అరెస్టయ్యాడు. అరెస్టుకు కొద్దిగా ముందు మాత్రమే సంబాత్ తన కుటుంబం సంగతి అతనికి చెప్పాడు. ప్రత్యేక కోర్టు ఆ టేపులు అడిగింది. నేను మాట ఇచ్చి మాట్లాడించాను, ఇవ్వను అన్నాడు సంబాత్.

ఇది విని మా వాడికి కోపం వచ్చింది. "అమ్మానాయినను చంపినోళ్ళకు మాటేంది మామా? నేనైతే టేపు తీసుకపోయి కోర్టులో పెట్టేస్తా." నేను ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళలో నాకు ఎంతోమంది "నా పేరు రాయొద్దన్నా" అని చెప్పుకున్నారు. వాళ్ళలో మంచివాళ్ళు ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. ఒక్క పేరు బయటికి ఇచ్చి ఉంటే, తర్వాత నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వాడు ఊరుకోలేదు. "మరి ఆ షోవా తీసినాయన మాట తప్పకపోయుంటే ఆ శిబిరం సంగతి మనకు తెలిసేదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.